చుంచెలుకల వంశవృక్షం ఎందుకు కుదురుకోవడం లేదు

పేరులో ఎలుక ఉంది కానీ, చుంచెలుకకు ఎలుకతో చుట్టరికం చాలా దూరం. ఎంత దూరమంటే, వంశం లెక్కన ఎలుక మనిషికి దగ్గర, చుంచెలుక ఆవుకూ పిల్లికీ గబ్బిలానికీ దగ్గర. క్షీరదాల్లో ఎలుకలు, కుందేళ్లు, కోతులు, మనుషులు ఒక పెద్ద కొమ్మ మీద ఉంటే, చుంచెలుకలు, గబ్బిలాలు, గిట్టల జంతువులు, తిమింగలాలు మరో పెద్ద కొమ్మ మీద ఉన్నాయి. పైకి చూస్తే నమ్మబుద్ధి కాదు. చిన్న ఒళ్లు, బూడిద రంగు బొచ్చు, తోక, గోడవారన పరుగు, అన్నీ ఎలుకవే. నోరు తెరిచి చూస్తే మాత్రం సందేహం తీరిపోతుంది. ఎలుక ముందు పళ్లు ఉలిలా ఉండి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటి వెనక కొంత ఖాళీ ఉంటుంది. చుంచెలుకకు ఆ ఖాళీ లేదు, మొనలు తేలిన పళ్లు వరసగా ఉంటాయి. అవి పెరగవు, అరిగితే అరిగినట్టే. పాలపళ్లు తల్లి కడుపులో ఉండగానే పోతాయి కాబట్టి, పుట్టాక వచ్చిన పళ్లతోనే బతుకంతా నెట్టుకురావాలి.

ఈ జీవుల కుటుంబం పేరు సోరిసిడే. జాతుల సంఖ్య చూస్తే క్షీరదాల్లో ఇది నాలుగో పెద్ద కుటుంబం. 2005లో వెలువడిన ప్రపంచ క్షీరదాల జాబితా 376 జాతులను లెక్కపెట్టింది. ఇప్పుడు ఆ సంఖ్య 450 దాటింది. ఇంత పెద్ద కుటుంబాన్ని కొమ్మలుగా విడదీయడంలో రెండు వేర్వేరు పద్ధతులు నడుస్తున్నాయి. బతికున్నవాటిని ఇప్పుడు ప్రధానంగా డీఎన్ఏతో విడదీస్తున్నారు. అంతరించినవాటి దగ్గర డీఎన్ఏ దాదాపుగా దొరకదు, దవడలూ పళ్లే దిక్కు. ఒకే కుటుంబానికి రెండు ఖాతా పుస్తకాలు అన్నమాట. ఒక పుస్తకంలో లెక్క రెండో పుస్తకంలో తేలడం లేదు, చిక్కంతా అక్కడే.

మొదటి పుస్తకం తెరిచినవాడు జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్. 1758లో ఆయన సోరెక్స్ అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, పెట్టి అందులో మూడు జాతులను చేర్చాడు. వాటిలో రెండు అసలు చుంచెలుకలే కావు. ఒకటి ముక్కు చుట్టూ నక్షత్రంలా కండ వేళ్లున్న మోల్, ఇంకొకటి ఉత్తర అమెరికాలో నేల కింద సొరంగాలు తవ్వుకునే మామూలు మోల్. మిగిలిన ఒక్కటి, సోరెక్స్ అరేనియస్, నిజమైన చుంచెలుక. ఐరోపాలో ఇప్పటికీ చాలాచోట్ల కనిపించే జాతి ఇదే. అరేనియస్ అంటే సాలీడుకు సంబంధించినది అని అర్థం. చుంచెలుక కాటులో విషం ఉంటుందని నమ్మిన రోమన్లు దాన్ని సాలీడు ఎలుక అని పిలిచేవారు. ఆ నమ్మకం ఈ జాతి విషయంలో కాకపోయినా, దాని చుట్టాల్లో కొన్నిటి విషయంలో నిజమే. ఇక లిన్నేయస్ ఈ సోరెక్స్‌ను కూర్చోబెట్టిన క్రమంలో, అంటే కుటుంబం కంటే పెద్ద విభాగంలో, పంది, పెంకుల ఒంటి ఆర్మడిల్లో, ముళ్ల హెడ్జ్‌హాగ్, సంచి జంతువు ఒపోసమ్ కూడా ఉన్నాయి. పొడుగు మూతి తప్ప వాటిని కలిపే లక్షణం వెతికినా దొరకదు.

తర్వాతి తరాలవాళ్లు పందినీ ఆర్మడిల్లోనూ బయటకు పంపి, పురుగులు తినేవన్నీ ఒక క్రమం అన్నారు. నిజానికి అది ఎక్కడ పెట్టాలో తెలియని సామాన్లను ఎక్కించే అటక లాంటిది. మడగాస్కర్ టెన్రెక్‌లు, ఆఫ్రికా బంగారు మోల్‌లు, ఆసియా చెట్ల చుంచెలుకలు, ఆఫ్రికా ఏనుగు చుంచెలుకలు, అన్నీ అక్కడికే చేరాయి. తరువాత ఒక్కొక్కటే దిగిపోయాయి. చెట్ల చుంచెలుకలను ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కోతుల క్రమంలో కూడా కూర్చోబెట్టారు. ఇప్పుడు వాటిది సొంత క్రమం, మనిషి ఉన్న కొమ్మ మీదే. ఏనుగు చుంచెలుకల కథ ఇంకా వింత. సాగిన ముక్కు చూసి ఎవరో ఏనుగుతో పోల్చారు. డీఎన్ఏ చూస్తే అవి నిజంగానే ఏనుగులు, టెన్రెక్‌లు ఉన్న ఆఫ్రికా కొమ్మకు చెందినవని తేలింది. సరదాకి పెట్టిన పేరు నిజమైంది, పేరులోని చుంచెలుక అబద్ధమైంది.

అటక మీద చివరికి మిగిలినవి నాలుగు బృందాలు. చుంచెలుకలు, మోల్‌లు, హెడ్జ్‌హాగ్‌లు, కరీబియన్ దీవుల సొలెనొడాన్‌లు. వీటిని కలిపి ఇప్పుడు యూలిపోటిఫ్లా అంటున్నారు. ఈ నాలుగింటి మధ్య కూడా పాత లెక్క తారుమారైంది. 2005 జాబితాలో చుంచెలుకలు, మోల్‌లు, సొలెనొడాన్‌లు ఒక క్రమం, హెడ్జ్‌హాగ్‌లు వేరే క్రమం. ఎక్కువ డీఎన్ఏ పరిశోధనలు మాత్రం చుంచెలుకకు అందరికంటే దగ్గరి బంధువు ఆ పక్కన పెట్టిన హెడ్జ్‌హాగే అంటున్నాయి. ఒంటినిండా ముళ్లున్న జంతువు చుంచెలుకకు మోల్ కంటే దగ్గర అంటే ఎముకలు చదివేవాళ్లకు మింగుడుపడలేదు. అంత తేలిగ్గా పడే సంగతీ కాదు.

ఇక చుంచెలుక అని దేన్ని అనాలి? దీనికి కచ్చితమైన జవాబు దవడలో ఉంది. చాలా క్షీరదాల్లో కింది దవడ పుర్రెతో ఒక గుండ్రని బొడిపె ద్వారా కీలు కడుతుంది. చుంచెలుకలో ఆ బొడిపె మీద కీలు కలిసే తలాలు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. ఒక తలుపు రెక్కకు రెండు బందులున్నట్టు. దీనికి కారణం చెంపల దగ్గర ఉంది. చుంచెలుకకు చెంప ఎముక వంపు లేదు. ఆ వంపును పట్టుకుని పనిచేసే నమిలే కండరానికి ఆసరా పోయింది, కణత దగ్గరి కండరం మీదే భారం పడింది. అలాంటప్పుడు దవడ పక్కకు జారకుండా నిలబెట్టే ఏర్పాటు కావాలి. ఆ పని రెండు తలాల కీలు చేస్తుంది. ముందు పళ్లు పైనా కిందా కలిసి పట్టకారులా పురుగును పట్టుకుంటాయి, వెనక పళ్ల మీది గట్లు కత్తెరలా దాన్ని కోస్తాయి.

1967లో అమెరికా శిలాజ శాస్త్రజ్ఞుడు చార్లెస్ రెపెనింగ్ బతికున్నవాటినీ అంతరించినవాటినీ కలిపి ఈ కుటుంబాన్ని ఉపకుటుంబాలుగా విడదీశాడు. అందులో ఈ కీలుకు పెద్దపీట వేశాడు. దాన్ని ఎంచుకోవడంలో గొప్ప సౌకర్యం ఉంది. గుడ్లగూబలు కక్కిన ఉండల్లోనూ గుహల మట్టిలోనూ చుంచెలుకల దవడలు లెక్కలేనన్ని దొరుకుతాయి. పుర్రె పగిలిపోతుంది, దవడ మిగులుతుంది. అయితే ఒక్క ఎముక మీద ఇంత బరువు పెడితే, ఆ ఎముక పొరపాటు చెప్పినప్పుడు సరిదిద్దేది ఏమీ ఉండదు. తరువాత వచ్చిన తగాదాల్లో సగం అందులోంచి పుట్టినవే.

బతికున్న చుంచెలుకలను ఇప్పుడు మూడు ఉపకుటుంబాలుగా చూస్తున్నారు. మొదటిది సోరిసినే, ఎర్రపళ్ల చుంచెలుకలు. వాటి పళ్ల మొనల ఎనామిల్‌లో, అంటే పంటి గట్టి పైపొరలో, ఇనుము ఉంటుంది, అందుకే ముదురు ఎరుపు. అరుగుదలను తట్టుకోవడానికి ఆ ఇనుము అని చాలాకాలంగా వినిపిస్తున్న వివరణ. రెండోది క్రోసిడ్యూరినే, తెల్లపళ్లవి. ఆఫ్రికాలో, ఆసియాలో ఎక్కువ. మూడోది మయోసోరిసినే, కేవలం ఆఫ్రికాకే పరిమితమైన చిన్న బృందం. ఎర్రపళ్లవి ఉత్తర అర్ధగోళపు చల్లని నేలల్లో ఎక్కువ. వాటి ఒంట్లో శక్తి ఖర్చు విపరీతం, సాధారణంగా అవి ఆ వేగాన్ని తగ్గించుకోవు. తెల్లపళ్లవి చలి వేసినా తిండి దొరక్కపోయినా ఒళ్లు చల్లబరుచుకుని మొద్దుగా పడుకోగలవు. పళ్ల రంగుతో సంబంధం లేని ఈ తేడా కూడా అదే విభజనను సూచిస్తుంది కాబట్టి ఎర్రా తెలుపూ అన్నది పూర్తిగా పైపై గీత కాదు.

అయినా పళ్ల రంగును గుడ్డిగా నమ్మినవాళ్లు దెబ్బతిన్నారు. టిబెట్ చుట్టుపక్కల కొండవాగుల్లో ఈదే నెక్టోగేల్, ఆసియా నీటి చుంచెలుక కిమరోగేల్, తోక మొండిగా ఉండే అనూరోసోరెక్స్, ఈ మూడింటి పళ్లూ తెల్లగానే కనిపిస్తాయి. 1945లో అమెరికా శిలాజ శాస్త్రజ్ఞుడు సింప్సన్ రాసిన ప్రసిద్ధ క్షీరద వర్గీకరణ వీటిని తెల్లపళ్ల గుంపులో చేర్చింది. నిజానికి ఇవి ఎర్రపళ్ల వంశంలో రంగు పోగొట్టుకున్న శాఖలు. రంగు రావడం కష్టమేమో కానీ పోవడం తేలికే. ఒక లక్షణం లేకపోవడాన్ని బంధుత్వానికి గుర్తుగా తీసుకుంటే ఇలాగే అవుతుంది.

వెన్నెముక చెప్పిన అబద్ధం మరొకటి. మధ్య ఆఫ్రికాలో ఉండే స్క్యూటిసోరెక్స్ అనే చుంచెలుక నడుము ఎముకలు పక్కనుంచి పొడుచుకొచ్చిన బుడిపెలతో ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. అక్కడి మాంగ్‌బెటు ప్రజలు దాని మీద పెద్దమనిషి ఎక్కి నిలబడినా చావదని చూపించారని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల అన్వేషకులు రాశారు. ఇంత వింత జంతువు ఇంకెవరితోనూ కలవదని దానికోసం సొంత ఉపకుటుంబమే కట్టారు. ఇప్పుడు అది తెల్లపళ్ల కొమ్మలోనే ఒక రెమ్మ. 2013లో కాంగోలో దొరికిన రెండో జాతి, స్క్యూటిసోరెక్స్ థోరి, అల్లిక తక్కువగా, నడుము ఎముకలు తక్కువగా ఉండి, మామూలు చుంచెలుకకూ ఆ మొదటి జాతికీ మధ్య మెట్టులా కనిపించింది.

ఇప్పుడు రెండో పుస్తకానికి వద్దాం. చుంచెలుకల పోలికలున్న అతి పాత శిలాజాలు ఇయోసీన్ మధ్యకాలానివి, అంటే సుమారు 4 కోట్ల ఏళ్ల నాటివి. ఉత్తర అమెరికాలో దొరికిన డామ్నినాకు 1873లోనే అమెరికా శిలాజ శాస్త్రజ్ఞుడు కోప్ పేరు పెట్టాడు. మంగోలియాలో దొరికిన సోరికోలెస్టిస్‌ను 2002లో వర్ణించారు. డామ్నినా, దాని చుట్టాలు హెటెరోసోరెక్స్, డైనోసోరెక్స్ లాంటివి కలిసి హెటెరోసోరిసినే అనే బృందం. ఉత్తర అమెరికా, ఐరోపా, ఆసియా మూడింటా తిరిగాయి. కొన్ని ఈనాటి చుంచెలుకల కంటే బాగా బరువైన దవడలున్నవి. వాటి దవడ కీలులో రెండు తలాలు పూర్తిగా విడిపోలేదు. అంటే తలుపుకు రెండు బందులు కాదు, సాగదీసిన ఒక్క బందు.

అలాంటప్పుడు అది చుంచెలుకేనా? రెపెనింగ్ అవునన్నాడు, కుటుంబం లోపలే ఉపకుటుంబంగా ఉంచాడు. 1987లో డచ్ శాస్త్రజ్ఞుడు యెల్లె రూమర్ కాదన్నాడు, దాన్ని హెటెరోసోరిసిడే అనే వేరే కుటుంబంగా బయటపెట్టాడు. ఇద్దరి ముందూ ఉన్న ఎముకలు దాదాపు అవే. తేడా ఒక్క ప్రశ్నలో ఉంది. కుటుంబపు గీతను బంధుత్వం మొదలైన చోట గీయాలా, దాన్ని గుర్తుపట్టే లక్షణం పూర్తయిన చోట గీయాలా? రూమర్ లెక్క శుభ్రంగా ఉంటుంది, కీలు చూసి లోపలో బయటో చెప్పేయొచ్చు. కానీ చుంచెలుకలు ఎలా తయారయ్యాయన్నది తెలుసుకోవాలంటే ఆ సగం విడిన కీలే అసలు ఆధారం. దాన్ని వేరే గదిలో పెట్టడం వల్ల కథలో మొదటి పుటలు చిరిగిపోయినట్టవుతుంది. ఈ విషయంలో రెపెనింగ్ వైపే మొగ్గు చూపడం సబబుగా తోస్తుంది.

రూమర్ అదే ఏడాది క్రోసిడోసోరిసినే అని మరో ఉపకుటుంబాన్ని పెట్టాడు. ఇయోసీన్ తరువాత వచ్చిన ఒలిగోసీన్, మయోసీన్ కాలాల్లో ఐరోపాలో ఎక్కువగా దొరికే పాత చుంచెలుకలు ఇందులోవి. వీటికి దవడలో పళ్లు ఎక్కువ, ఆకారం సాదా. తరువాతి చుంచెలుకలన్నీ వీటిలోంచే పుట్టాయన్నది దాని వెనకున్న ఊహ. లిమ్నోఇసినే, అల్లోసోరిసినే అనే మరో రెండు అంతరించిన పేర్లు కూడా పుస్తకాల్లో కనిపిస్తాయి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఎర్రపళ్లవాటిలోనే కలిపేస్తారు. వాటి గురించి అంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

క్రోసిడోసోరిసినే దగ్గరే రెండు పుస్తకాలూ నేరుగా ఢీకొన్నాయి. మయోసోరిసినేకు చెందిన ఆఫ్రికా మయోసోరెక్స్ కింది దవడలో మిగతా తెల్లపళ్లవాటికి లేని ఒక బుల్లి అదనపు పన్ను ఉంటుంది. పాత ఐరోపా శిలాజాల్లో ఉన్నట్టే. అది చూసి కొందరు శిలాజ శాస్త్రజ్ఞులు మయోసోరెక్స్ బృందం అంతరించిందనుకున్న క్రోసిడోసోరిసినేలో బతికి బట్టకట్టిన శాఖ అన్నారు. అంటే అది ఎర్రపళ్లవాటికీ తెల్లపళ్లవాటికీ ఇద్దరికీ పెద్దమ్మ వరస. డీఎన్ఏ పట్టుకున్నవాళ్లు మయోసోరెక్స్‌ను తెల్లపళ్ల చుంచెలుకలకు తోబుట్టువుగా చూపించారు. నిజానికి ఈ రెండు మాటలూ ఒకదాన్ని ఒకటి పూర్తిగా కొట్టేయవు. తోబుట్టువుల్లో ఒకరు తాతగారి పోలికలు పోగొట్టుకోకుండా ఉండొచ్చు. ఆ బుల్లి పన్ను పాత లక్షణం నిలిచిపోవడమే కావచ్చు, దాన్ని బట్టి వంశం కట్టలేం. చిక్కల్లా ఏమిటంటే, ఐరోపా శిలాజాల్లో కూడా అలాంటి పాత లక్షణాలు తప్ప ఇంకేమీ లేవు. ఆ లెక్కన క్రోసిడోసోరిసినే అనేది ఒక వంశం పేరా, ఇంకా ఏ వంశంలోనూ తేలనివాళ్ల పేరా? రెండోదే అనిపిస్తుంది. పాత అటకకు కొత్త పేరు.

విషం విషయంలో శిలాజాలు భలే ఆసక్తికరమైన సంగతి చెప్పాయి. స్పెయిన్‌లోని అటపుయెర్కా గుహల్లో దొరికిన డోలినాసోరెక్స్‌ను 2009లో వర్ణించారు. ఎర్రపళ్లది, బరువు 60 గ్రాములదాకా ఉంటుందని అంచనా. ఈనాటి ఎర్రపళ్లవాటితో పోలిస్తే రాక్షసి కిందే లెక్క. దాని కింది ముందు పంటిలో సన్నని గాడి ఉంది, విషం జారడానికి వీలుగా. ఐరోపాలో విరివిగా దొరికే మరో అంతరించిన ప్రజాతి బెరెమెండియాలోనూ అలాంటి ఏర్పాటు కనిపించింది. బతికున్నవాటిలో ఐరోపా నీటి చుంచెలుక నియోమిస్, ఉత్తర అమెరికా పొట్టి తోక చుంచెలుక బ్లరైనా లాలాజలంలో విషం ఉంది. ఈ రెండూ ఎర్రపళ్ల ఉపకుటుంబంలో వేర్వేరు తెగలవి. కాబట్టి విషం ఉందని ఒకే గూటివి అనుకోవడానికి వీల్లేదు. నీళ్లలో ఈదడం కూడా అంతే, విడివిడిగా చాలాసార్లు వచ్చిన అలవాటు.

అరుదుగా రెండు పుస్తకాలూ కలిసిన సందర్భాలున్నాయి. మధ్యధరా సముద్రంలోని బలియారిక్ దీవుల్లో నెసియోటిటిస్ అనే చుంచెలుక ఉండేది, మనుషులు వచ్చాక అంతరించింది. దాని ఎముకల్లోంచి తీసిన డీఎన్ఏ ఫలితాలు 2018లో వచ్చాయి. దాని దగ్గరి బంధువు హిమాలయాల్లో ఉండే సోరిక్యులస్ అని తేలింది. రెండూ విడిపోయింది సుమారు 64 లక్షల ఏళ్ల కిందట. మధ్యధరా సముద్రం దాదాపు ఎండిపోయిన ఘట్టానికి అటూ ఇటుగా ఆ కాలం సరిపోతుంది. నేల తేలినప్పుడు దాటి వెళ్లి, నీళ్లు తిరిగి నిండాక దీవిలో చిక్కుకుపోయిందన్న మాట. ఎముకలు చదివేవాళ్లు దాన్ని ముందునుంచీ ఆసియా నెక్టోగలిని తెగలోనే పెట్టారు. ఈసారి దవడ అబద్ధం చెప్పలేదు.

కరీబియన్ దీవుల నెసోఫాంటిస్‌ది దీనికి ఎదురు కథ. దాన్ని వెస్టిండియన్ చుంచెలుక అని పిలిచేవారు. 2016లో ఏడెనిమిది వందల ఏళ్ల నాటి గుడ్లగూబ ఉండలోంచి తీసిన డీఎన్ఏ అది సొలెనొడాన్‌ల చుట్టమని, వాటినుంచి కూడా 4 కోట్ల ఏళ్లకు ముందే విడిపోయిందని చూపించింది. సోరిసిడేతో సంబంధం లేదు. ఐరోపా ఓడలతో పాటు వచ్చిన ఎలుకలు దాన్ని తుడిచిపెట్టాయని ఎక్కువమంది అనుకుంటున్నారు.

కిందికి, జాతుల స్థాయికి దిగితే మరో రకం గజిబిజి. లిన్నేయస్ పేరు పెట్టిన సోరెక్స్ అరేనియస్‌నే తీసుకుంటే, అందులో క్రోమోజోముల అమరికను బట్టి 70కి పైగా రేసులు, అంటే జాతి లోపలి రకాలు, ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్, మాస్కో, నోవోసిబిర్స్క్ లాంటి ఊళ్ల పేర్లతో వాటిని పిలుస్తారు. క్రోమోజోముల సంఖ్య 20 నుంచి 33 దాకా మారుతుంది. మగవాటిలో లింగ క్రోమోజోములు రెండు కాదు, మూడు. పైకి చూస్తే అన్నీ ఒక్కటే. రెండు రేసులు కలిసే చోట పిల్లలు పుడుతున్నాయి కాబట్టి వాటిని ఒకే జాతి కింద ఉంచారు. మరోవైపు ఫ్రాన్స్ ప్రాంతంలో ఉండే సోరెక్స్ కొరొనాటస్‌ను, చూపుకు అదేలా ఉన్నా, క్రోమోజోములు చూసి వేరే జాతి అన్నారు.

వీటిని పుర్రెల కొలతలతో విడదీయాలని చూసినవాళ్లకు ఇంకో ఉచ్చు ఎదురైంది. 1949లో పోలండ్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ డెహ్నెల్ ఈ చుంచెలుకల పుర్రె చలికాలంలో కుంచించుకుపోయి వసంతంలో మళ్లీ పెరుగుతుందని రాశాడు. మెదడు కూడా తగ్గుతుంది. కాబట్టి శీతాకాలంలో పట్టిన నమూనాను వేసవిలో పట్టినదాంతో పోల్చి రెండు రకాలు అనడం చాలా తేలిక. మ్యూజియం పెట్టెలో పుర్రె పక్కన పట్టిన నెల రాసి లేకపోతే ఆ కొలత దండగే.

తెల్లపళ్లవాటిలో క్రోసిడ్యూరా అనే ఒక్క ప్రజాతిలోనే దాదాపు 200 జాతులున్నాయి, క్షీరదాల్లో ఇంత పెద్ద ప్రజాతి మరొకటి లేదు. 2021లో ఇండోనేషియాలోని సులవేసి దీవి నుంచి ఒకే దెబ్బకు 14 కొత్త జాతులను వర్ణించారు. ఆ దీవిలో మొత్తం 21 అయ్యాయి. తెల్లపళ్లవాటిలోనే సంకస్ అనే మరో ప్రజాతి పరిస్థితి వేరు. ఒకవైపు 100 గ్రాములు దాటే ఇంటి చుంచెలుక, ఇంకోవైపు 2 గ్రాములైనా తూగని ఎట్రుస్కన్ చుంచెలుక, రెండూ ఈ ప్రజాతి కిందే ఉన్నాయి. డీఎన్ఏ చూస్తే సంకస్‌లోని జాతులన్నీ ఒక గూటివి కావు, కొన్ని వేరే ప్రజాతులకే దగ్గర. ఏదో ఒక రోజు ఈ పేరును ముక్కలు చేయక తప్పదు.

ఈ లెక్కలు కాగితం మీదివే అనుకోవడానికి వీల్లేదు. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఉండే చుంచెలుకకు పందొమ్మిదో శతాబ్దం చివర్లో పేరు పెట్టినప్పుడు దాన్ని వేరే జాతిలో ఒక రకంగా చూశారు. తరువాత ఆసియాలో విస్తారంగా ఉండే క్రోసిడ్యూరా అటెన్యువాటాకు ఉపజాతి అన్నారు. అంటే దీవిలో అది పోయినా జాతి పోయినట్టు కాదు. ఆ తరువాతే అది సొంత జాతి, క్రోసిడ్యూరా ట్రైక్యూరా, అని స్థిరపడింది. 1908 నాటికే అంతరించిందనుకున్నారు. 1958లో కనిపించింది, 1985లో మళ్లీ కనిపించింది, ఆ తరువాత ఎవరికీ దొరకలేదు. 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిన జాతుల జాబితాలోకి మార్చింది.